దీక్ష యాప్, నిష్ఠ ట్రైనింగ్: టీచర్లకి ఎంతవరకు పనికొస్తాయి

ఈ ఏడాది మా హైస్కూల్‌కి కొత్తగా వచ్చిన టీచర్లు పాఠాలు, టీచర్ల కోర్సులు ఉండే ప్రభుత్వ యాప్ దీక్ష గురించి తరచూ ఒకటే అడుగుతున్నారు, మేడం దీక్షలో ఏం చూడాలి, కోర్సులన్నీ చెయ్యాలా, సర్టిఫికెట్ వస్తే సరిపోతుందా అని. స్టాఫ్‌రూమ్‌లో లీజర్ పీరియడ్ 40 నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నేను పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్తాను, కాబట్టి ఉదాహరణలన్నీ సైన్స్ వైపు నుంచే ఉంటాయి, మిగతా సబ్జెక్టుల వాళ్లు తమ పాఠాలకి తగ్గట్టు చూసుకోండి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. పాఠానికి కావాల్సిన సామాను దొరికే చోటుగా దీక్ష చాలా మంచిది, 5కి 4 ఇస్తా. ట్రైనింగ్‌గా చూస్తే 3, అదీ కోర్సుల్లో సరుకు లేక కాదు, కోర్సు చేశాక డౌటొస్తే అడగడానికి ఎవరూ లేకపోవడం వల్ల.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. దీక్ష 2017 సెప్టెంబర్ 5న టీచర్స్ డే రోజు మొదలైంది, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. నడిపేది ఎన్‌సీఈఆర్‌టీ, అంటే స్కూల్ పుస్తకాలు, సిలబస్ తయారు చేసే కేంద్ర సంస్థ, రాష్ట్రాల్లో అదే పని చేసే ఎస్‌సీఈఆర్‌టీలు తమ తమ కంటెంట్ పెడతాయి. లోపలున్న సాఫ్ట్‌వేర్ పేరు సన్‌బర్డ్, ఓపెన్ సోర్స్. మొదట్లో ఇది టీచర్ల కోసమే అన్నారు, తర్వాత టెక్స్ట్‌బుక్కుల మీద క్యూఆర్ కోడ్‌లు వచ్చి పిల్లలు, పేరెంట్స్ కూడా వాడటం మొదలయ్యింది. కోవిడ్ టైంలో 2020లో కేంద్రం ఆన్‌లైన్ చదువుల పథకం పీఎం ఈ-విద్య కిందకి తెచ్చి దేశమంతటికీ ఒకే డిజిటల్ వేదిక అన్నారు. చరిత్ర ఇంత చాలు.

యాప్ ఓపెన్ చెయ్యగానే టీచరా స్టూడెంటా అని అడుగుతుంది, తర్వాత బోర్డు, మీడియం, క్లాసు. ఇక్కడే చాలామంది స్టేట్ బోర్డు ఒక్కటే పెట్టుకుని, నా పాఠానికి రెండే వీడియోలు ఉన్నాయండీ అని మూసేస్తారు. మన ఏపీ పదో తరగతి సైన్స్, లెక్కలు, సోషల్ ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్సే కదా, కాబట్టి ప్రొఫైల్‌లో బోర్డు మార్చి సీబీఎస్ఈ గానీ ఎన్‌సీఈఆర్‌టీ గానీ పెట్టి, మీడియం ఇంగ్లీష్ పెట్టి అదే పాఠం మళ్లీ వెతకండి. అవే చాప్టర్లకి ఇంకా కంటెంట్ కనిపిస్తుంది, ప్రాక్టీస్ ప్రశ్నలు కూడా ఉంటాయి. భాష ఇంగ్లీషే అయినా మనం చూసుకుని క్లాసులో తెలుగులో చెప్పుకుంటాం, మన పుస్తకాలు ఎలాగూ ఒక పక్క ఇంగ్లీష్ ఒక పక్క తెలుగు కాబట్టి పిల్లలకీ రెండూ కలిపి చెప్తే ఇంకా మంచిది.

క్యూఆర్ కోడ్ స్కాన్ అవ్వట్లేదని ఇంకో మాట వింటుంటాం. పుస్తకం నలిగిపోయి, అట్ట మీద నూనె మరకలు పడి, పేజీ చిరిగి ఉంటే స్కాన్ ఎలా అవుతుంది. ఆ బొమ్మ కింద 6 అక్షరాల కోడ్ ఉంటుంది చూడండి, అంకెలూ ఇంగ్లీష్ అక్షరాలూ కలిసి, అది టైప్ చేసినా అదే పాఠం తెరుచుకుంటుంది. నేను మా క్లాస్ పుస్తకంలో చాప్టర్ల కోడ్‌లన్నీ లెసన్ ప్లాన్ రిజిస్టర్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నా. ప్రతిసారి ఫోన్ ఎత్తి స్కాన్ చెయ్యడం కంటే ఇదే త్వరగా అవుతుంది.

ఊళ్లో సిగ్నల్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, అందుకే డౌన్‌లోడ్ సౌకర్యం నాకు దీక్షలో అన్నిటికంటే నచ్చింది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు రాత్రి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత రోజు నెట్ లేకుండా నడుస్తుంది, పక్క టీచర్‌కి ఫైల్ లాగా పంపొచ్చు కూడా. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కొన్ని వీడియోలు అసలు యూట్యూబ్‌లో ఉండి దీక్షలో లింక్ మాత్రమే ఇచ్చి ఉంటాయి, అవి ఇలా సేవ్ అవ్వవు, క్లాసులో నెట్ కావాల్సిందే. రేపటి పాఠానికి ఏది వాడదాం అనుకున్నా ముందురోజే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి ప్లే చేసి చూడండి, ఆడితే ధైర్యంగా క్లాసులో ఉండే ప్యానెల్ (డిజిటల్ బోర్డు) మీద పెట్టుకోవచ్చు.

కంటెంట్ క్వాలిటీ గురించి ఉన్నమాట చెప్పాలి, అన్నీ ఒకేలా లేవు. కొన్ని వీడియోలు చాలా బాగా తీశారు, బొమ్మలు, యానిమేషన్ అన్నీ. కొన్నింట్లో పాఠం పేజీని తెర మీద పెట్టి చదివేశారు, అంతకంటే మనం బోర్డు మీద చెప్పుకుంటేనే నయం. రాష్ట్రం రాష్ట్రానికీ తేడా ఉంటుంది, ఎందుకంటే తయారు చేసినవాళ్లు వేరే వేరే, 2020 ఏప్రిల్‌లో వచ్చిన విద్యాదాన్ ప్రోగ్రాం ద్వారా టీచర్లు సంస్థలు కూడా కంటెంట్ ఇచ్చారు. కాబట్టి ఎవరి వీడియో అయినా మొత్తం చూడకుండా క్లాసులో పెట్టొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తా. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఆడియో పాఠాలు, సైన్ లాంగ్వేజ్ వీడియోలు కూడా ఇందులో ఉన్నాయి, వినికిడి సమస్య ఉన్న పిల్ల మీ క్లాసులో ఉంటే తప్పకుండా వెతకండి, చాలామంది టీచర్లకి ఇవి ఉన్నాయనే తెలియదు.

ఇక ట్రైనింగ్ సంగతి. నిష్ఠ అంటే ప్రభుత్వ టీచర్ల కోసం కేంద్రం పెట్టిన ట్రైనింగ్ ప్రోగ్రాం, 2019 ఆగస్టు 21న మొదలైంది, అప్పుడు హాల్‌లో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు, దేశం మొత్తం మీద 42 లక్షల మంది టీచర్లు, హెచ్‌ఎంలు (హెడ్‌మాస్టర్లు) లక్ష్యం. కోవిడ్ వచ్చాక దాన్ని ఆన్‌లైన్ చేశారు, మొట్టమొదటి ఆన్‌లైన్ నిష్ఠ మన ఆంధ్రప్రదేశ్ వాళ్లకే, 2020 జూలై 16న 1200 మంది కీ రిసోర్స్ పర్సన్లతో, అంటే మిగతా టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లతో మొదలుపెట్టారు. అక్టోబర్ నుంచి దీక్షలో అందరికీ వచ్చింది, ఎలిమెంటరీ వాళ్లకి 18 మాడ్యూల్స్. 2021లో సెకండరీ టీచర్లకి నిష్ఠ 2.0 వచ్చింది, అందరికీ కామన్‌గా 12, వాటికి తోడు సబ్జెక్టువి. అదే ఏడాది ఫౌండేషనల్ లిటరసీ, న్యూమరసీ మీద 3.0 వచ్చింది, చిన్న క్లాసులు చెప్పే ఎస్జీటీలకి (సెకండరీ గ్రేడ్ టీచర్లు) అది బాగా పనికొస్తుంది, చదవడం లెక్కించడం రాని పిల్లల్ని ఎక్కడ నుంచి ఎత్తుకోవాలి అనేదే అందులో విషయం.

ఎలిమెంటరీ వాళ్ల ఆ 18 మాడ్యూల్స్‌లో ప్రతి టీచర్ కళ్లు పెట్టి చదవాల్సింది ఒకటి ఉంది, పిల్లల హక్కులు, లైంగిక వేధింపులు, పోక్సో చట్టం 2012 మీద ఉన్న మాడ్యూల్. సబ్జెక్ట్ ఏదైనా, ప్రైమరీ అయినా హైస్కూల్ అయినా అందరిదీ అది. పోక్సో ప్రకారం పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకి చెప్పాల్సిందే, దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు, సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసే వాళ్ల గురించి తెలిసి చెప్పకపోతే ఏడాది వరకు. పిల్లల పేరు, ఫోటో బయట పెట్టకూడదు. చైల్డ్‌లైన్ 1098. ఈ సంగతి తెలిస్తే, పిల్ల వచ్చి ఏదో చెప్పబోతుంటే "ఆ మాటలు ఇంట్లో చెప్పుకోమ్మా" అని పంపించెయ్యడం ఆగుతుంది. పెద్దమనుషులతో కూర్చుని సర్ది చెప్దాం అనే ఆలోచన ఊళ్లలో ఇంకా ఉంది, అది చట్టప్రకారం ఎంత పెద్ద తప్పో హెచ్‌ఎంల దగ్గర నుంచి అటెండర్ల వరకు తెలియాలి. ఈ ఒక్క మాడ్యూల్ కోసం నిష్ఠకి దణ్ణం పెట్టొచ్చు.

ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ (బొమ్మలు, పాటలు లాంటి కళలతో కలిపి చెప్పడం), స్కూల్ బేస్డ్ అసెస్‌మెంట్ (స్కూల్లోనే టీచర్ పిల్లల్ని అంచనా వెయ్యడం) మాడ్యూల్స్ కూడా బాగున్నాయి. ఐసీటీ, అంటే చదువులో కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం మీద ఉన్నది మొదట కొంచెం బరువుగా అనిపిస్తుంది గానీ అందులో ఒక మంచి ఆలోచన ఉంది, ముందు పాఠం చూడు, తర్వాత ఎలా చెప్పాలో చూడు, ఆ తర్వాతే ఏ టెక్నాలజీ కావాలో చూడు అని. మన దగ్గర అది తలకిందులుగా జరుగుతోంది, ప్యానెల్ వచ్చింది కాబట్టి ఏదో ఒకటి చూపించాలి అని వెతుకుతున్నాం. ప్రభుత్వ పథకాల గురించి చెప్పే మాడ్యూల్, కోవిడ్ పరిస్థితుల మాడ్యూల్ ఇప్పుడు పైపైన చూస్తే చాలు.

ఒక్కో కోర్సు మూడు నాలుగు గంటలు అంటారు, వీడియోలు చూస్తూ పీడీఎఫ్‌లు చదువుతూ మధ్యలో కృత్యాలు చేసుకుంటూ వెళ్తే అంత పడుతుంది. చివర్లో క్విజ్, 70 శాతం వస్తే సర్టిఫికెట్, మూడుసార్లు రాయొచ్చు.

ఇక్కడ నా బాధ చెప్పుకోవాలి. క్విజ్ మొత్తం ఆప్షన్లు టిక్ పెట్టే ప్రశ్నలే. కోర్సు ఓపెన్ అయిన రోజు సాయంత్రానికే ఆన్సర్ కీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, యూట్యూబ్‌లో వీడియోలు కూడా పెట్టేస్తారు. వీడియోలు ప్లే చేసి ఫోన్ పక్కన పడేసి, కీ చూసి టిక్కులు పెట్టేస్తే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. టీచర్లని నేను తిట్టట్లేదు, తేదీలోపు చెయ్యాలి అని మెసేజ్ వస్తుంది, మండలంలో ఎంతమంది పూర్తి చేశారో లిస్టు పెడతారు, స్కూల్లో చూస్తే అటెండెన్స్ యాప్, మధ్యాహ్న భోజనం వివరాలు, పేపర్లు దిద్దడం, ఇంటికెళ్తే వంట, పిల్లలు. ఇన్నిటి మధ్య మూడు గంటలు ప్రశాంతంగా కూర్చుని పీడీఎఫ్ చదవమంటే ఎలా అవుతుంది. కొత్త విద్యా విధానం 2020లో టీచర్‌కి ఏడాదికి కనీసం 50 గంటల ట్రైనింగ్ ఉండాలని రాశారు. ఆ గంటలు డ్యూటీలో ఇస్తేనే ట్రైనింగ్ అవుతుంది, రాత్రి పదింటికి ఇస్తే ఆన్సర్ కీ అవుతుంది. మార్చాల్సింది యాప్ కాదు, టైం ఇచ్చే పద్ధతి. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల స్కూళ్ల గుంపు) మీటింగులు ఎలాగూ పెడుతున్నారు, ఆ రోజు ఒక గంట పక్కన పెట్టి ఒకే సబ్జెక్ట్ వాళ్లందర్నీ కూర్చోబెట్టి ఒక మాడ్యూల్ కలిసి చూసి మాట్లాడుకోమంటే ఎంత బాగుంటుంది.

ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో ఒక పాఠం పట్టుకుని చెప్తా. పదో తరగతి విద్యుత్ పాఠం. బ్యాటరీకి రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటి కలిపితే, రెండో బల్బుకి కరెంట్ తక్కువ వెళ్తుంది అని క్లాసులో సగం మంది పైనే అంటారు, మొదటి బల్బు కొంత తినేసిందిగా టీచర్ అంటారు. వీడియో చూపిస్తే తలూపుతారు, పరీక్షలో సూత్రం రాస్తారు, కానీ ఆ నమ్మకం లోపల అలాగే ఉంటుంది. ఈసారి నేను ఫెట్ వాళ్ల సర్క్యూట్ సిమ్యులేషన్ (తెర మీద చేసే ప్రయోగం) వాడాను. ఫెట్ అంటే కొలరాడో యూనివర్సిటీ వాళ్లది, నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టారు, పూర్తిగా ఉచితం, చాలా సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి, ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తాయి.

ప్యానెల్ మీద రెండు బల్బులు కలిపి స్విచ్ వెయ్యకుండా ఆపి, మొదటి బల్బు ముందు కరెంట్ కొలిచే అమ్మీటర్ ఒకటి, రెండింటి మధ్య ఒకటి, చివర ఒకటి పెట్టాను. ఏది ఎక్కువ చూపిస్తుందో నోట్‌బుక్‌లో రాసి పక్కవాళ్లకి చూపించండి అన్నా. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి లేచి "మధ్యలోది తక్కువ, చివరిది ఇంకా తక్కువ" అంది, ముందు బెంచీ వాడు ఒకడు కాదన్నాడు, క్లాసంతా రెండు పార్టీలు అయిపోయింది. అప్పుడు స్విచ్ వేశా. మూడూ ఒకే అంకె. ఒక్క నిమిషం గోల గోల. ఆ అమ్మాయే మళ్లీ "అయితే బల్బు ఏం వాడుకుంటుంది టీచర్" అని అడిగింది, ఆ ప్రశ్న నుంచి శక్తి, పొటెన్షియల్ తేడా పాఠం దానంతటదే నడిచింది.

సిమ్యులేషన్ అందరికీ దొరుకుతుంది. స్విచ్ వెయ్యకముందు ఊహించి రాయించాలి అనే చిన్న కిటుకు ఎవరో ఒకరు చెప్పాలి కదా, అదీ ట్రైనింగ్ అంటే. ఫెట్ సైట్‌లో టీచర్‌గా ఫ్రీ అకౌంట్ పెట్టుకుంటే ఒక్కో సిమ్యులేషన్‌కి టీచర్ టిప్స్ అని చిన్న పీడీఎఫ్ ఉంటుంది, ఎక్కడ పిల్లలు తికమక పడతారు, ఏ ప్రశ్న వెయ్యొచ్చు అని, ఇంకా వేరే టీచర్లు తయారు చేసి పెట్టిన వర్క్‌షీట్లు కూడా ఉంటాయి. నిష్ఠ సైన్స్ మాడ్యూల్‌లో కూడా ఊహించడం, పరిశీలించడం, పోల్చుకోవడం గురించి చెప్పారు, కానీ ఒక ఫలానా పాఠం తీసుకుని ఇదిగో ఇక్కడ ఆపండి, ఈ ప్రశ్న వెయ్యండి అనే దాకా రావాలి. దీక్షలో వీడియో పక్కనే టీచర్ కోసం ఒక పేజీ నోట్ ప్రతిదానికీ పెడితే నేను 5కి 5 ఇచ్చేస్తా.

మా పిన్నికూతురు తెలంగాణలో లెక్కల టీచర్. అక్కతో ఈ విషయం మాట్లాడుతుంటే క్లిక్స్ అనే ప్రోగ్రాం గురించి చెప్పింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి 2015లో మొదలుపెట్టారు, తెలంగాణ, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం ప్రభుత్వ హైస్కూళ్లలో నడిపారు. జామెట్రీలో చతుర్భుజాల లక్షణాలు దొంగని పట్టుకునే ఆటలాగా పిల్లలు కంప్యూటర్ ల్యాబ్‌లో నేర్చుకునేవాళ్లు, తెలుగులోనే. టీచర్లకి వేరే ఆన్‌లైన్ కోర్సులు ఉండేవి, సబ్జెక్ట్ వారీగా టెలిగ్రామ్ గ్రూపులు ఉండేవి, టీచర్ తన క్లాసులో చేసింది ఫోటో పెడితే టిస్ వాళ్లు, మిగతా టీచర్లు దాని మీద మాట్లాడేవాళ్లు. అక్క అన్నమాట ఇది: "కోర్సులో ఏం చదివానో గుర్తులేదే, గ్రూపులో ఎవరు ఏం అడిగారో మాత్రం అన్నీ గుర్తున్నాయి." నిష్ఠలో కూడా మీ ఆలోచనలు పంచుకోండి అని కృత్యాలు పెట్టారు, అందరూ రాసేవాళ్లే, చదివి బదులిచ్చేవాళ్లు కావాలి. లక్షల మందికి ఒక్కసారి నడిపేదాంట్లో అది ఢిల్లీ నుంచి కుదరదు, నాకు అర్థమవుతుంది, కానీ జిల్లాలో డైట్ (టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే జిల్లా సంస్థ) ఉంది, కాంప్లెక్స్‌లో రిసోర్స్ పర్సన్లు ఉన్నారు, వాళ్ల చేత చేయించొచ్చు.

ప్రైవేట్ ట్రైనింగ్ పోర్టల్స్ సంగతి కూడా ఒక మాట. పేరు చెప్పను, ఒకదాంట్లో డబ్బులు కట్టి కోర్సు చేశా. మాడ్యూల్స్ అన్నీ అయ్యి చివరి టెస్ట్ సబ్మిట్ చేశాక పేజీ తెల్లగా అయిపోయింది, తెల్లారి చూస్తే ప్రోగ్రెస్ సగం దగ్గరే ఉంది. మెయిల్ పెడితే మీ టికెట్ నమోదైంది అని ఆటోమేటిక్ రిప్లై ఒకటి, అంతే, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కాబట్టి డబ్బులు కట్టే ముందు ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడో లేడో చూసుకోండి, ఉచితంగా దొరికేవాటిలోనే చాలా సరుకుంది.

కొత్త టీచర్లు ఏం చెయ్యాలి అంటే, అన్ని కోర్సులూ ఒకేసారి ఎత్తుకోవద్దు. పోక్సో మాడ్యూల్ ముందు పూర్తి చెయ్యండి, దాని తర్వాత మీ సబ్జెక్ట్ బోధనది, ఆ తర్వాత అసెస్‌మెంట్. పాత బ్యాచ్ తేదీ అయిపోయి జాయిన్ అవ్వనివ్వకపోతే అందులోని మెటీరియల్ విడిగా వెతకండి, మాడ్యూల్ పేరుతో సెర్చ్ చేస్తే పీడీఎఫ్‌లు దొరుకుతాయి. జాయిన్ అయ్యేముందు ప్రొఫైల్‌లో పేరు సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి, సర్టిఫికెట్ మీద ఆ పేరే వస్తుంది. రెండు మూడు అకౌంట్లు తెరవొద్దు, ఒకసారి గూగుల్‌తో ఒకసారి ఫోన్ నంబర్‌తో లాగిన్ అయితే అవి రెండు వేర్వేరు అకౌంట్లు, ప్రోగ్రెస్ దేనికదే ఉంటుంది. ఫోన్‌లో మెమరీ తక్కువుంటే పాఠం అయిపోయాక డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లి పాతవి తీసేస్తుండండి.

మా దగ్గర ఫిజికల్ సైన్స్ వాళ్లం కొందరం కలిసి పదో తరగతి చాప్టర్ల వారీగా ఒక పట్టిక తయారు చేసుకుంటున్నాం, ఏ పాఠానికి దీక్షలో ఏ వీడియో బాగుంది, ఎక్కడ ఆపాలి, ముందు ఏ ప్రశ్న అడగాలి అని. కాంతి, విద్యుత్ అయిపోయాయి, ఆమ్లాలు క్షారాల దగ్గర ఉన్నాం. బయాలజీ, సోషల్ వాళ్లు కూడా ఇలాంటిదేదైనా చేసి ఉంటే చెప్పండి, మా స్కూల్లో ఆ సబ్జెక్టుల వాళ్లు అడుగుతున్నారు.